సిలువ గుర్తు లేని వైపు

మా ఇంట్లో రెండు చెక్క డబ్బాలు మిగిలి ఉన్నాయి. ఒకదాని మీద బియ్యం క్యాన్ పెట్టుకున్నాను. రెండోదాని మీద కూర్చొని కూరగాయలు తరుగుతాను. వాటి ముందు భాగాన ఒకప్పుడు నల్లగుడ్డ ఉండేది. అది చినిగితే ఊడదీసి మసిగుడ్డ చేసుకున్నాను. లోపల గుండ్రటి స్పీకర్లు అట్లాగే ఉన్నాయి.

మొన్న మనుమడు వచ్చి, మడికొండలో కొన్న కొత్త ఇంట్లో టీవీ కింద ఒకే పొడుగు స్పీకరు పెట్టాలా, గది చుట్టూ విడివిడి స్పీకర్లు పెట్టాలా అని ఫోనులో బొమ్మలు చూపించాడు. "నానమ్మా, మనింట్ల అప్పట్లనే నాలుగు స్పీకర్లుండెనట గదా. నువ్వు చెప్పు, ఏది తీసుకోవాలె?" అన్నాడు. నేను చెప్పలేదు. అది నిలబడి చెప్పే సంగతి కాదు. నేను బడికి పోయింది మూడో తరగతి వరకే. రాయడం వచ్చు, వేగం రాదు. వాడు చదివినా చదవకపోయినా మెల్లగా రాసి పెడుతున్నాను.

మా ఆయన బట్టల మిల్లులో సాంచాల ఖాతాలో పనిచేసేవాడు. సాంచాలంటే కరెంటుతో నడిచే మగ్గాలు, ఖాతా అంటే అవి ఉండే విభాగం. పెళ్లైన కొత్తలో ఒకసారి అన్నం గిన్నె మరిచిపోయి పోతే, ఇచ్చి రావడానికి ఆ ఖాతా తలుపు దాకా వెళ్లాను. ఆ చప్పుడు నా చెవుల్లోకి కాదు, పళ్లలోకి దిగింది. లోపలి మనుషులు మాత్రం తీరిగ్గా ముచ్చట పెట్టుకుంటున్నారు. నోళ్లు కదులుతున్నాయి, గొంతులు లేవు. ఈ చివర నిలబడ్డవాడు ఏదో అడిగితే ఆ చివర ఉన్నవాడు పగలబడి నవ్వాడు. ఆ చప్పుడులో అరిచినా లాభం లేదు కనుక అక్కడ అందరూ ఒకరి పెదవులు ఒకరు చూసి మాట్లాడుకుంటారని తర్వాత తెలిసింది. కొత్తగా చేరినవాడికి పనికంటే ముందు అదే నేర్పేవారట.

ఆ అలవాటు ఇంటికి కూడా వచ్చింది. మాకు ఒక కొడుకు, వాడి తర్వాత ఒక ఆడబిడ్డ. కొడుక్కు ఆ విద్య పట్టుబడలేదు. బిడ్డకు మాటలు వచ్చిన ఏడాదే వచ్చింది. తండ్రితో ఏదైనా చెప్పాలంటే అంగీ పట్టి లాగేది, ఆయన తిరిగి చూడగానే గొంతు లేకుండా పెదవులతో చెప్పేది. ఆయన కూడా అట్లాగే జవాబిచ్చేవాడు. నేను పొయ్యి దగ్గర ఉంటే వెనుక ఇద్దరు మనుషులున్న అలికిడే ఉండేది కాదు. తిరిగి చూస్తే ఇద్దరూ నవ్వుతూ ఉండేవారు.

చర్చిలో మగవాళ్లు ఒక వైపు, ఆడవాళ్లు ఒక వైపు కూర్చుంటారు. అయ్యగారు వాక్యం చెబుతుంటే ఈ ఇద్దరూ ఆ నడుమ దారి మీదుగా ముచ్చట పెట్టుకునేవారు. ఒకరోజు దాని తొడ మీద గట్టిగా గిచ్చాను.

"ఏం ముచ్చట్లే వాక్యం నడుస్తాంటె?"

"నేను కాదమ్మా. బాపే. ఆకలైతాంది, అయ్యగారిని జల్ది ఆమెన్ అనుమని ప్రార్థన చెయ్యి అంటాండు."

చుట్టుపక్కల ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. నేను నవ్వలేదు. నాకు నవ్వడం త్వరగా రాదు.

ఎనభయ్యో దశకం మొదట్లో ఒక క్రిస్మస్‌కు అయ్యగారి భార్య పిల్లలందరి ముందు నిలబడి పాట ఎత్తుకునే పని మా బిడ్డకు ఇచ్చింది. అప్పటికి దానికి ముందు పన్ను ఊడి కొత్తది రాలేదు. పాడుతుంటే ఆ సందులోంచి సన్నగా ఈల వచ్చేది. వద్దు, ఇంకొకరికి ఇవ్వండి అన్నాను. అయ్యగారి భార్య వినలేదు. "ఆ గొంతు సూది లెక్క పోతాంది వదినె, పండ్లతోని మనకేం పని?" అంది.

ఆ ఏడు నా తమ్ముడు దుబాయి నుంచి సెలవు మీద వచ్చాడు. వాడి చేతిలో టేపు రికార్డరు ఉంది. కనబడినదల్లా రికార్డు చేసేవాడు. క్రిస్మస్‌కు ముందు సాయంత్రం చర్చిలో మగవాళ్లు డోలక్, కంజీర సాధన చేస్తుంటే అది ఒక వైపు పట్టాడు. అందులో వాయింపు తప్ప పాట లేదు. క్రిస్మస్ పొద్దున ఆ డోలక్, కంజీరలతో మా బిడ్డ పాడింది రెండో వైపు పట్టాడు. కలిసిపోకుండా పాట ఉన్న వైపు పెన్నుతో సిలువ గుర్తు పెట్టాడు. మా ఆయన ఆ రోజు మొదటి వరుసలో కూర్చొని, దాని ముఖం మీద నుంచి చూపు తిప్పకుండా పాట అయ్యేదాకా అట్లాగే ఉన్నాడు. కళ్ల నుంచి నీళ్లు కారుతున్నా తుడుచుకోలేదు.

ఆ తర్వాతి వానకాలంలో బిడ్డకు కామెర్లు వచ్చాయి. పసరు పోయించాం, పెద్ద దవాఖానకూ తీసుకుపోయాం. పోయింది. దాని గురించి ఇంతకంటే రాయను.

ఏడాది తిరిగాక ఇంట్లో జ్ఞాపకార్థ కూడిక పెట్టుకున్నాం. ప్రార్థన అయింది, భోజనాలు అయ్యాయి. ఆకులు ఎత్తుతుంటే, మళ్లీ సెలవు మీద వచ్చిన మా తమ్ముడు ఆ టేపు రికార్డరు తెచ్చి స్టూలు మీద పెట్టి, "బావా, ఒక్కసారి ఇందామా?" అన్నాడు. మా ఆయన తల ఊపి దాని పక్కకే కుర్చీ లాక్కున్నాడు.

పాట మొదలైంది. మొదటి ముక్కలోనే ఆ పన్ను సందులోని ఈల వచ్చింది. నేను చేతిలోని ఆకులతో అక్కడే కింద కూర్చున్నాను. ఇల్లంతా ఏడుపు. మా కొడుకు గోడ వైపు తిరిగాడు. మా ఆయన మాత్రం అరచేయి చెవికి డొప్పలాగా పెట్టుకొని టేపు వైపు వంగి ఉన్నాడు. పాట అయిపోయింది. తమ్ముడు మీట నొక్కాడు. అప్పుడు మా ఆయన తల ఎత్తి అందరి ముఖాలు చూసి అడిగాడు:

"ఎప్పుడు మొదలైతది బామ్మర్దీ?"

తమ్ముడు ఆయనకు ఎదురుగా వచ్చి నిలబడి, "అయిపోయింది బావా" అన్నాడు. ఆయన వాడి పెదవులు చదివి, నా వైపు చూసి, మళ్లీ టేపు వైపు చూశాడు.

అప్పటిదాకా మాకు తెలియదంటే నమ్మరు. వెనుక నుంచి పిలిస్తే పలికేవాడు కాదు, మొండితనం అనుకున్నాను. వీధిలో ఎవరైనా నమస్తే పెడితే చూసుకోకుండా పోయేవాడు, గర్వమని వాళ్లనుకున్నారు. ఎదురుగా నిలబడి మాట్లాడితే అక్షరం పోకుండా జవాబిచ్చే మనిషికి చెవులు లేవని ఎవరికి తోస్తుంది? ఆయనకే తోచలేదు. ఆ రోజు కూడా ఆయన అన్నది ఇదే: "డబ్బా చిన్నది. గింత డబ్బల గొంతేడ పడ్తది?"

అప్పటి నుంచి ఆయనకు ఒకటే ధ్యాస. పెద్ద సెట్టు కొనాలి, బిడ్డ పాట వినాలి. బీడీ కట్టకు కూడా నన్ను అడగడానికి మొహమాటపడే మనిషి, మట్టెవాడలోని మా రెండు గదుల ఇంటికి రేకులు వేయించడానికి దాచిన చిట్టీ డబ్బులు తీయమన్నాడు.

"ఇల్లు ఉరుస్తాంది, కనబడ్తలేదా?"

"ఉరవనీ."

"బియ్యం నానుతయి."

"నాననీ. బిడ్డ గొంతు ఆ టేపుల ఉన్నదా లేదా? అందరు ఇన్నరా లేదా? నేనొక్కన్నే ఇనలే."

చాలా రోజులు బిగపట్టాను. తర్వాత పెట్టెలోంచి డబ్బులు తీశాను.

సెట్టు చూడటానికి ఆయన ఒక్కడే పోలేదు. సాంచాల ఖాతాలో తన పైన ఉండి సాంచాలు మరమ్మతు చేసే జాబర్‌ను, పక్క సాంచా నడిపేవాడిని తోడు తీసుకున్నాడు. జాబర్ పెద్దవాడు, నన్ను చెల్లె అని పిలిచేవాడు. పక్క సాంచా ఆయనకు ప్రతి మాటా హాస్యమే. డబ్బులు నా కొంగున ఉన్నాయి గనుక నేనూ వెళ్లాను. కాసెట్టు కూడా నా దగ్గరే ఉంది.

షాపతను రెండు రకాలు చూపించాడు.

"ఇగో, ఇది సింగిల్ సెట్టు. అన్ని దీంట్లనే ఉంటయి. జాగ తక్కువ, కరెంటు తక్కువ. గొంతు సాఫ్ వస్తది. గవి సూడుర్రి, డెక్కు వేరే, ఆంప్లిఫయర్ వేరే, బాక్సులు వేరే. నాలుగు మూలలకు నాలుగు పెట్టుకొని మీరు నడుమ కూసుంటె పాట మీ సుట్టు తిరుగుతది."

మొదట సింగిల్ సెట్టులో మా కాసెట్టు వేయించాను. బిడ్డ గొంతు వచ్చింది. తమ్ముడి టేపులో వచ్చినదానికంటే స్పష్టంగా వచ్చింది. పాటకు ముందు అది గుటక వేసిన చప్పుడు కూడా వినిపించింది. నేను గల్లా బల్ల అంచు పట్టుకున్నాను.

జాబర్ పెదవి విరిచాడు. "ఇదేందిర బై, కుండల మూతి పెట్టి మాట్లాడినట్టున్నది. పానమే లేదు దీంట్ల."

"అవునన్నా. ఇస్త్రీ పెట్టంత లేదు, ఇదేం పాడ్తది?" అన్నాడు పక్క సాంచా ఆయన.

షాపతను కాసెట్టు తీసి డెక్కులో వేశాడు. నాలుగు బాక్సులు ఒక్కసారి దద్దరిల్లాయి. డోలక్ దెబ్బకు అద్దాల బీరువాలోని గడియారాలు గల్లున కదిలాయి. ముగ్గురు మగవాళ్ల ముఖాలు ఒకేసారి విచ్చుకున్నాయి.

"ఇగో! గిది పాటంటె!" అని జాబర్ బల్ల మీద గుద్దాడు.

నేను విన్నది వేరు. డోలక్ ఇంటి గుమ్మంలో నిలబడ్డట్టుంది. బిడ్డ ఎక్కడో పెరడు దాటి పిలుస్తున్నట్టుంది.

"దాంట్లనే మంచిగుండె. దీంట్ల వాయించుడే ఉన్నది, బిడ్డ గొంతు ఎనుకకు పోయింది" అన్నాను.

పక్క సాంచా ఆయన మా ఆయన ముందుకు వచ్చి పెదవులతో ఏదో చెప్పి, మళ్లీ అందరికీ వినబడేలా అన్నాడు: "వదినకు సింగిలే ఇనవడ్తదిర. అగ్గువ గదా!"

షాపతనుతో సహా అందరూ నవ్వారు. కరివేపాకు రెమ్మకు కూడా బేరం చేసే మనిషినని మా వాడలో అందరికీ తెలుసు.

"నవ్వుర్రి. పైసల సంగతి పక్కకు పెట్టుర్రి. నా చెవులకు ఇనవడ్డది చెప్తాన" అన్నాను.

జాబర్ శాంతంగా చెప్పాడు. "చెల్లె, సాంచాల నడుమ నెత్తి నెరిసినోళ్లం. ఏ మూల ఏ సాంచ తప్పు కొడ్తాందో కండ్లు మూసుకొని చెప్తం. సప్పుడు సంగతి మాకు చెప్తవా?"

అది నిజమే. వందల సాంచాల్లో ఒక్కటి దెబ్బ తప్పినా జాబర్‌కు తెలుస్తుందని మా ఆయన కూడా చాలాసార్లు చెప్పాడు. నేను మా ఆయన ముందుకు వెళ్లి నిలబడి, "నీకెట్లున్నదయ్యా?" అని అడిగాను.

"దాంట్ల ఏం ఇనవడలే. దీంట్ల ఏదో ఇనవడ్డదే." ఆయన కళ్లు మెరుస్తున్నాయి. "ఇంటికి పోయినంక నిమ్మలంగ ఇంటె ఇంక ఇనవడ్తది."

చెవులు ఆయనవి. పాట ఆయన వినాలి. నేను కొంగు ముడి విప్పాను.

ముందు గదికి నాలుగు మూలలా బాక్సులు పెట్టారు. మంచం తీసి వెనుక గదిలోకి జరిపాం. నడుమ కుర్చీ వేసుకొని ఆయన కూర్చున్నాడు. మొదటి రోజు డోలక్ నాలుగు దిక్కుల నుంచి మోగుతుంటే పక్క సాంచా ఆయన చేతులు చాచి, "అరె, మిల్లుల ఉన్నట్టే ఉన్నది!" అని సంబరపడ్డాడు. అది మెచ్చుకోలే.

ఇక ప్రతి ఆదివారం అదే. చర్చి అయ్యాక, అన్నాలు తిన్నాక ఆ ఇద్దరూ వచ్చేవారు. ఒక్కోసారి ఖాతా వాళ్లు ఇంకొందరు వచ్చేవారు. నేను వంటగదిలో చాయ్ పెడుతుండేదాన్ని. పాట మొదలుకాగానే మా ఆయన జాబర్ ముఖం చూసేవాడు.

"ఇప్పుడేమంటాంది?"

"ఇప్పుడు గొంతు లేపింది. ఆహా! ఏం లేపిందిర బై!"

"ఇప్పుడు?"

"ఇప్పుడు మెల్లగ అంటాంది. దూది లెక్క."

మా ఆయన కళ్లు మూసుకునేవాడు. కొంచెం సేపటికి తెరిచి, "అవును, నాకు కూడ జరంత ఇనవడ్డది" అనేవాడు. పోయిన వారం కంటే ఈ వారం నయమని నాతో చెప్పేవాడు. మిల్లుకు పోయే ముఖంలో కొంచెం కళ వచ్చింది. ఆ సంగతి కాదనను.

ఆ వానకాలం ఇల్లు బాగా కురిసింది. ధారల కింద గిన్నెలు పెట్టాను. మామూలుగా బియ్యం మీద కప్పే ప్లాస్టిక్ కవరు బాక్సుల మీద కప్పాను.

పొరుగువాళ్లు చప్పుడు భరించలేకపోతున్నామన్నారు. ఆయన ఇంకా పెంచమనేవాడు. పట్టుబట్టి పెద్ద దవాఖానలో చెవుల డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను. డాక్టరు ఏవో గొట్టాలు పెట్టి చూశాడు, ఇనుప ముక్క మోగించి తల దగ్గర పట్టాడు. తర్వాత నాతో చెప్పాడు: "దొడ్డు చప్పుడు కొంత అందుతుందమ్మా. సన్న చప్పుడు అందదు. ఆడవాళ్ల గొంతు, చిన్నపిల్లల గొంతు, పిట్టల కూత, ఇవన్నీ పోయాయి. మిల్లు పని చేసేవాళ్లకు ఇట్లాగే పోతుంది. లోపలి నరం పోయింది, తిరిగి రాదు. ఎంత పెద్ద మిషన్ పెట్టినా అంతే."

డాక్టరుకు దట్టమైన మీసం. మా ఆయనకు ఆ పెదవులు అందలేదు. బయటకు వచ్చాక వేపచెట్టు కింద నిలబెట్టి నేనే మొత్తం చెప్పాను. ఓపికగా చూశాడు.

"డాక్టరుకేం తెలుసు?" అన్నాడు. "జాబర్ నాకంటె ఎన్నేండ్లు ముందుగాల చేరిండు? ఆయనకు ఇనవడ్తలేదా? వారం వారం చెప్తలేడా? ఆయన నరం పోలేదు, నాదే పోయిందా?"

వాళ్లకు వినబడుతోందనే నేనూ నమ్మాను. ఆయనకంటే ఎక్కువ ఏళ్లు ఆ చప్పుడులో ఉన్నవాళ్లకు వినబడుతుంటే, డాక్టరు మాట ఎక్కడో తప్పి ఉండవచ్చని రిక్షాలో వస్తూ నాకూ తోచింది. ఆ కొంచెం ఆశ నాకూ అక్కరకు వచ్చింది.

మరుసటి ఎండాకాలంలో ఒక ఆదివారం. జాబర్, పక్క సాంచా ఆయన, ఇంకా ఇద్దరు ఖాతా మనుషులు వచ్చారు. నేను చాయ్ గ్లాసుల్లో పోస్తున్నాను. ముందు గదిలో డోలక్ మొదలైంది. నేను బిడ్డ గొంతు కోసం చూశాను. రాలేదు. ఒక వరుస వాయింపు అయింది, రెండోది అయింది, కంజీర కలిసింది, గొంతు రాలేదు. సాధన రోజు వాయింపు అది. మా ఆయన కాసెట్టు తిరగేసి పెట్టాడు.

చెబుదామని గ్లాసుల పళ్లెం పట్టుకొని గుమ్మం దాకా వచ్చాను.

జాబర్ కళ్లు మూసుకొని తల ఊపుతున్నాడు. "ఇగో, ఇక్కడ... ఇక్కడనే సూడు... గొంతెట్ల లేపిందో!"

పక్క సాంచా ఆయన కండువా అంచుతో కళ్లు తుడుచుకుంటున్నాడు. "బంగారు తల్లి" అన్నాడు. ఎప్పుడూ హాస్యమాడే నోటి నుంచి ఆ మాట వచ్చింది. దొంగ మాట కాదు. ఆ మనిషి నిజంగా ఏడుస్తున్నాడు. మిగిలిన ఇద్దరూ చేతులు కట్టుకొని, ప్రార్థనలో ఉన్నట్టు తలలు వంచుకున్నారు. నాలుగు మూలల నుంచి డోలక్, కంజీర. బిడ్డ ఎక్కడా లేదు.

వాళ్లు అబద్ధం చెప్పలేదు. ఇంతకాలం వాళ్లు విన్నదీ ఇదే. డోలక్ పెరిగినచోట బిడ్డ గొంతు పెంచిందనుకున్నారు, తగ్గినచోట తగ్గించిందనుకున్నారు. షాపులో ఆ రోజు నలుగురం నిలబడి పాట వింటే, పాట విన్నది నేనొక్కదాన్ని. ఈ గదిలో కూడా ప్రతి ఆదివారం అంతే.

మా ఆయన నా వైపు చూశాడు. నేను నోరు తెరవలేదు. తెరవాల్సిన పని లేదు. బతుకంతా ముఖాలు చదివిన మనిషి. నా ముఖం చూశాడు, జాబర్ ముఖం చూశాడు, మళ్లీ నా ముఖం చూశాడు. లేచి డెక్కు దగ్గరికి వెళ్లాడు. టేపు ఆగేదాకా అక్కడే నిలబడ్డాడు. కాసెట్టు బయటికి తీసి చూశాడు. సిలువ గుర్తు కింది వైపు ఉంది.

ఎవరూ గమనించలేదు. ఆయన కాసెట్టును దాని డబ్బాలో పెట్టి, "చాయ్ తాగుర్రి, సల్లారుతాంది" అన్నాడు.

"ఎన్నిసార్లిన్నా కొత్తగనే ఉంటదిర" అన్నాడు జాబర్ గ్లాసు అందుకుంటూ.

"అవునన్నా" అన్నాడు మా ఆయన.

మరునాడు ఆయన మిల్లుకు పోలేదు. కొడుకు బడికి పోయాక వాకిట్లో వెలుతురు పడేచోట పీట వేసి నన్ను కూర్చోమన్నాడు. తను ఎదురుగా కూర్చున్నాడు. సిలువ గుర్తు పైకి ఉండేట్టు కాసెట్టు పెట్టి వచ్చాడు.

"అది పాడేటప్పుడు దానెంబడి నువ్వు అను. గొంతు వద్దు. ఉత్త నోటితోని."

"నాకు పాటలు రావు."

"ఇది వస్తది నీకు. ఎన్నిసార్లు ఇన్నవో."

వస్తుంది. నేను అన్నాను. లోపల బిడ్డ పాడుతుంటే, బయట నేను పెదవులు కదిపాను. అది ఆగినచోట ఆగాను, అది సాగదీసినచోట సాగదీశాను. ఆ ఈల వచ్చేచోట నా పండ్ల మీద నాలుక ఆనించాను. ఎన్నడూ ఎవరి ముందూ అట్లా చేయలేదు. ఎదురింటి ఆమె తడిక మీదుగా చూసి లోపలికి పోయింది. నేను ఆపలేదు. ఆయన నా నోటి మీద చూపు పెట్టి కదలకుండా కూర్చున్నాడు, క్రిస్మస్ రోజు కూర్చున్నట్టే.

సగం కూడా కాలేదు, చేయి ఎత్తాడు.

"సాలు. ఆపు."

"తప్పు పోయిందా?"

"తప్పేం పోలే. నీ నోరు కనబడ్తాంది. అది కనబడ్తలేదు."

లోపల పాట నడుస్తూనే ఉంది. ఆయనకు తెలియదు, నేను చెప్పలేదు. ఆయన మళ్లీ అన్నాడు.

"ఒక ముచ్చట సెప్తా. నిన్నటి సంది సోంచాయిస్తాన. ఆ దినం చర్చిల అది పాడినప్పుడు కూడ నేను ఇనలే. దాని మూతి సూసిన, అంతే. అన్ని మాటలు తెలిసినయి గదా, ఇన్న అనుకున్న. ఇంట్ల కూడ అది నాతోని గొంతుతోని ఎన్నడు మాట్లాడింది? పుట్టినప్పుడు ఏడ్సింది యాదికుంది. అటెన్క దాని గొంతు నా దగ్గర లేదు. యాది జేసుకుందామంటె, ఇన్నదే లేదాయె. ఆ డబ్బల ఏం దేవులాడుతాన నేను?"

లేచి లోపలికి వెళ్లి మీట నొక్కాను. పొయ్యి మీద పప్పు అడుగంటిన వాసన వస్తోంది.

సెట్టు అమ్మేద్దామన్నాను. రేకులైనా వస్తాయి. ఆయన వద్దన్నాడు. ఎందుకని అడిగితే, "ఆదివారం ఆళ్లొస్తరు గదా" అన్నాడు. జాబర్‌కు కొద్ది రోజుల్లో రిటైర్మెంటు. ఏ సాంచా ఎక్కడ తప్పు కొడుతుందో చెప్పగలనన్న ధీమాతో బతికిన మనిషి. ఆయనకు నీకూ చెవులు లేవని ఎవరు చెబుతారు? మా ఆయన చెప్పలేదు. నేనూ చెప్పలేదు.

కనుక ఆదివారాలు అట్లాగే నడిచాయి. మిల్లు మూతపడే మాటలు మొదలయ్యేదాకా, జాబర్ కాళ్లు పడిపోయి రావడం మానేసేదాకా నడిచాయి. వాళ్లు వచ్చేవారు, నాలుగు మూలల నడుమ కూర్చునేవారు. మా ఆయన కాసెట్టు పెట్టేవాడు. ఇప్పుడేమంటాంది అని అడిగేవాడు కాదు. వాళ్లతోపాటు తల ఊపేవాడు. జాబర్ ఆహా అంటే ఆహా అనేవాడు.

ఒక్కటి మారింది. కాసెట్టు పెట్టేటప్పుడు సిలువ గుర్తు చూసుకోవడం మానేశాడు. చేతికి ఎట్లా వస్తే అట్లా పెట్టేవాడు. నేను వంటగదిలో చేటలో బియ్యం పోసుకొని రాళ్లు ఏరుతూ కూర్చునేదాన్ని. డోలక్ మొదలయ్యేది. ఒక్కో వారం దాని వెనుక బిడ్డ గొంతు వచ్చేది, ఒక్కో వారం వచ్చేది కాదు. రాని వారం లేచి వెళ్లి కాసెట్టు తిరగేయవచ్చు. ముందు గదిలో నలుగురు కళ్లు మూసుకొని వింటూ ఉండేవారు. నేను లేచేదాన్ని కాదు. టేపు ఆగేసరికి చేటలోని బియ్యం ఏరడం అయిపోయేది.